కోవూరు పక్క పల్లెలో అమ్మ ఒక్కతే ఉంటుంది: మోటారు, రాత్రి లైట్లు, ఇన్వర్టర్ ఆటోమేషన్ ఎట్టా చేయాలి?

పెన్నా_గట్టు | శనివారం, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పొడుగు, ఓపిగ్గా చదవమని మనవి.

మాది నెల్లూరు పక్కన కోవూరు దగ్గర ఒక పల్లె. నాన్న పోయి మూడేళ్లయింది. అమ్మకి 69. నేను చెన్నైలో ఉద్యోగం చేస్తున్నా. రమ్మంటే రాదు. ఆ మిద్దె, ఆ తులసికోట, సాయంత్రమైతే అరుగు మీద చేరే ఎదురింటి అత్తావాళ్లు, ఇవి లేకుండా ఆమెకి పొద్దు గడవదు. నేనూ బలవంతం చేయను. రెండు వారాలకోసారి శనివారం మధ్యాహ్నం పినాకిని రైలెక్కి వెళ్లి, ఆదివారం రాత్రికి తిరిగొస్తా.

బోరు పెరట్లో ఉంది. స్టార్టరు పాత గొడ్లపాక గోడకి ఉంది. తెల్లవారుజామున లేచి అక్కడిదాకా పోయి మోటారు వేయాలి. ట్యాంకు నిండి నీళ్లు కారే చప్పుడు వినిపిస్తే మళ్లీ పోయి ఆపాలి. పోయిన కార్తీకంలో వానకి పాకుడు పట్టిన రాయి మీద జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. ఫోను ఇంట్లో ఉండిపోయింది. పాలాయన వచ్చేదాకా ముప్పావుగంట ఆ తడిలోనే కూర్చుని ఉంది. ఆ ముప్పావుగంట నా తలలోంచి పోవడం లేదు.

ఆ భయంలో తొందరపడి టౌనులో ఒక సంస్థకి ఇల్లంతా అప్పగించాను. 90 వేలు తీసుకుని, పాత స్విచ్చులన్నీ పీకేసి గాజు టచ్ ప్యానెళ్లు పెట్టారు. అంతా ఫోన్ యాప్‌లోంచే. చూడ్డానికి బాగుంది. ఇప్పుడు పరిస్థితి ఇది: రాత్రి కరెంటు పోయి వస్తే ఇంట్లో లైట్లన్నీ ఒకేసారి వెలుగుతాయి. నెట్ లేకపోతే యాప్ పని చేయదు. తడిచేత్తో తాకితే ప్యానెల్ పట్టించుకోదు, కళ్లద్దాలు లేకపోతే ఎక్కడ నొక్కాలో అమ్మకి కనిపించదు. పోయిన వారం వెళ్లినప్పుడు చూశా, దిండు కింద టార్చిలైటు పెట్టుకుని ఉంది. ‘వద్దులే నాయనా, ఏదన్నా చెడిపోతే నీకు డబ్బు దండగ’ అని స్విచ్చుల జోలికే పోవడం లేదంట. తన ఇంట్లో తను లైటు వేసుకోడానికి భయపడుతోంది.

ఆ సంస్థ వాళ్లు ఫోను ఎత్తడం లేదు. మొదటి నుంచి మళ్లీ చేయాలనుకుంటున్నా. ఏం కొనాలి, ఏం కొనకూడదు, దయచేసి చెప్పండి.

సింగరాయకొండ_వైర్‌మ్యాన్ | శనివారం, రాత్రి 11:05

తమ్ముడూ, ముందు ఆ గాజు ప్యానెళ్లు తీసెయ్. మామూలు నొక్కుడు స్విచ్చుల బోర్డు మళ్లీ పెట్టించు. ఖర్చు పెద్దగా ఉండదు. ఆ స్విచ్చు వెనకాల, గోడలోని బాక్సులో అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉండే రిలే మాడ్యూల్ (ఫోన్ చెప్పినా లైటు వేసి ఆపే చిన్న స్విచ్చు లాంటిది) వస్తుంది. పాత స్విచ్చు వైరు రెండు కొసలూ దానికి కలిపితే, స్విచ్చుతోనూ లైటు వెలుగుతుంది, ఫోన్‌తోనూ వెలుగుతుంది. నెట్ పోయినా, రూటర్ కాలిపోయినా స్విచ్చు స్విచ్చులాగే పనిచేస్తుంది. 22 ఏళ్లుగా వైరింగ్ చేస్తున్నా. మనిషి చేతికి అలవాటైన దాన్ని మార్చిన ఏ పనీ ముసలివాళ్ల ఇంట్లో నిలబడలేదు.

మాడ్యూల్ పనిచేయాలంటే ఆ బాక్సులో న్యూట్రల్ వైరు, అంటే కరెంటు తిరిగి పోయే వైరు, ఉండాలి. చాలా ఇళ్లలో స్విచ్చుకి ఫేజు (కరెంటు వచ్చే వైరు) మాత్రమే దిగుతుంది, న్యూట్రల్ నేరుగా పైన లైటుకి పోతుంది. అయితే మన బోర్డుల్లో మామూలుగా ఒక సాకెట్ ఉంటుంది కదా. సాకెట్ ఉన్న బోర్డులో న్యూట్రల్ ఉన్నట్టే. సాకెట్ లేని బోర్డు అయితే తెరిచి చూసుకోవాలి.

ఇంకో ముఖ్యమైన మాట. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ ఆపినా ఇన్వర్టర్ లైను బతికే ఉంటుంది. మెయిన్ ఆపేశాం కదా అని చేయి పెట్టి షాక్ తిన్నవాళ్లని చూశా. ఇన్వర్టర్ కూడా ఆపి, టెస్టర్ పెట్టి చూసిన తర్వాతే వైరు ముట్టుకోవాలి. నువ్వు సొంతంగా చేయొద్దు, లైసెన్సు ఉన్న మనిషిని పెట్టుకో.

మాగుంట_లేఅవుట్_43 | ఆదివారం, ఉదయం 7:40

వైర్‌మ్యాన్ అన్న చెప్పిందే సరైన దారి. నేను నెల్లూరులో మా ఇంట్లో నాలుగేళ్లుగా ఇదే పద్ధతిలో నడుపుతున్నా.

మాడ్యూల్ సెట్టింగుల్లో రెండు విషయాలు తప్పకుండా చూడండి. మొదటిది, కరెంటు పోయి వచ్చినప్పుడు ఏం చేయాలి అనేది. ‘ఆన్’, ‘ఆఫ్’, ‘ముందు ఎట్టా ఉంటే అట్టా’ అని మూడు ఉంటాయి. మీ ఇంట్లో అన్నీ ‘ఆన్’ మీద ఉండిపోయి ఉంటాయి, అందుకే అర్ధరాత్రి లైట్లన్నీ వెలుగుతున్నాయి. పడకగదికి ‘ముందు ఎట్టా ఉంటే అట్టా’ పెట్టండి. మోటారుకి మాత్రం ఎప్పుడూ ‘ఆఫ్’. మనిషి చూసుకోకుండా దానంతట అది మొదలవకూడదు.

రెండోది, స్విచ్చు పద్ధతి. మన దగ్గర స్విచ్చు కిందికి నొక్కితే ఆన్ అని చిన్నప్పటి నుంచి అలవాటు. మాడ్యూల్ పెట్టాక, ఫోన్‌లోంచి లైటు వేస్తే స్విచ్చు పైకే ఉండిపోతుంది. అప్పుడు అమ్మగారు లైటు ఆపాలంటే ఒక పద్ధతిలో రెండుసార్లు నొక్కాలి, ఇంకో పద్ధతిలో ఒక్కసారి ఎటు నొక్కినా మారుతుంది. రెండో పద్ధతి పెట్టండి. పైకా కిందికా అని చూడకుండా, నొక్కితే మారుతుంది అన్నంతవరకు గుర్తుంటే చాలు.

ఇక వీటన్నిటినీ నడిపే మెదడు సంగతి. సంస్థ సర్వర్ మీద ఆధారపడే యాప్‌లు వదిలేయండి. హోమ్ అసిస్టెంట్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, 2013 నుంచి వస్తోంది. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్‌లోనో, పాత ల్యాప్‌టాప్‌లోనో ఇంట్లోనే నడుస్తుంది. నెట్ లేకపోయినా ఇంటి పనులు ఆగవు. ఒక హెచ్చరిక: మెమరీ కార్డు మీద నడిపితే, ఊరికే కరెంటు పోయే చోట కార్డు చెడిపోతుంది. నాకు రెండు కార్డులు పోయాయి. కార్డుకి బదులు చిన్న ఎస్ఎస్‌డీ డ్రైవు పెట్టి, ఇన్వర్టర్ లైన్‌లో పెట్టండి.

దర్గామిట్ట_అమ్మాయి | ఆదివారం, ఉదయం 9:15

ఇంత అవసరమా అన్నా? మేము అద్దె ఇంట్లో ఉంటాం. నాలుగు స్మార్ట్ ప్లగ్గులు, ఒక స్పీకరు, అంతే. గోడ ముట్టుకోకుండా పది నిమిషాల్లో అయిపోయింది. అన్నకి కూడా అదే సరిపోతుందేమో.

మాగుంట_లేఅవుట్_43 | ఆదివారం, ఉదయం 9:50

అద్దె ఇంటికి అదే మంచి పద్ధతి అమ్మా, నేను కాదనను. కానీ నువ్వు చెడిపోతే బాగు చేసుకుంటావు. అక్కడ ఆమె ఒక్కతే ఉంటుంది. స్పీకర్ విషయం కూడా చూడు: అలెక్సాకి ఇక్కడ ఇంగ్లీషు, హిందీ అలవాటు. ‘మోటర్ ఆపు’ అని రొటీన్‌లో (మనం సొంతంగా రాసి పెట్టే ఆదేశంలో) ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పెట్టి చూశా, మా నాయనమ్మ గొంతుకి ఒకసారి పలికితే మూడుసార్లు పలకలేదు. నాలుగోసారి ఆమె అడగడం మానేసింది.

స్మార్ట్ ప్లగ్ కొనేవాళ్లు 10 ఆంపియర్లదా 16 ఆంపియర్లదా చూసి కొనండి. 2000 వాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు లాగుతుంది. 10 ఆంపియర్ల ప్లగ్గు చాలుతుందనిపిస్తుంది, కానీ గంటలు గంటలు ఆ అంచు మీద నడిస్తే వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. గీజర్‌కి, ఏసీకి 16దే పెట్టండి.

కనిగిరి_టీచర్ | ఆదివారం, మధ్యాహ్నం 2:30

నేను రిటైరైన లెక్కల టీచర్‌ని. సాంకేతికం మీరంతా బాగా చెబుతున్నారు. నేను ఆ తల్లి వైపు నుంచి రెండు మాటలు చెప్పాలనుకుంటున్నాను.

మా అబ్బాయి హైదరాబాదులో ఉంటాడు. నా మీద ప్రేమతోనే రెండేళ్ల కిందట హాల్లో కెమెరా పెట్టాడు. నేనేమీ అనలేదు. కానీ ఆ రోజు నుంచి నా ఇల్లు నాకు కొత్తయిపోయింది. ఎండాకాలం మధ్యాహ్నం హాల్లో ఫ్యాను కింద చాప వేసుకుని పడుకోవడం నాకు నలభై ఏళ్ల అలవాటు. అది మానేశాను. తలకి నూనె రాసుకుని జుట్టు విరబోసుకుని కూర్చోవడం మానేశాను. పక్కింటావిడ వస్తే కోడలి గురించి ఒక మాట అనుకోవాలన్నా వంటింట్లోకి వెళ్లి అనుకునేవాళ్లం. కెమెరాలో ఎర్ర చుక్క వెలుగుతుంటే ఎవరో తలుపు సందులోంచి చూస్తున్నట్టు ఉండేది. చివరికి ఒకరోజు ఫోన్‌లో వాడు ‘అమ్మా, మందు ఇంకా వేసుకోలేదేం’ అన్నాడు. ప్రేమగానే అన్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరుసటి సంక్రాంతికి వచ్చినప్పుడు వాడితో కూర్చుని చెప్పాను. వాడు కళ్లనీళ్లు పెట్టుకుని అప్పుడే కెమెరా విప్పేశాడు. దాని బదులు వంటింటి తలుపుకి, బాత్రూం తలుపుకి వేలెడంత సెన్సర్లు అతికించాడు. పొద్దున ఏడు గంటలలోపు ఆ రెండు తలుపుల్లో ఏదీ తెరుచుకోకపోతే వాడి ఫోనుకి మెసేజ్ పోతుంది, వాడు నాకు ఫోన్ చేస్తాడు, నేను ఎత్తకపోతే పక్కింటివాళ్లకి చేస్తాడు. అంతకుమించి వాడికి ఏమీ తెలియదు. నేను ఎప్పుడు పడుకున్నానో, ఎవరితో మాట్లాడానో వాడికి అక్కర్లేదు. ఇప్పుడు నేను నిశ్చింతగా ఉన్నాను, వాడూ నిశ్చింతగా ఉన్నాడు.

నాయనా పెన్నా గట్టూ, నీ పోస్టు రెండుసార్లు చదివాను. నీ భయం ఉంది, సంస్థ ఉంది, ప్యానెల్ ఉంది. అమ్మకి ఏం కావాలో మాత్రం అందులో ఎక్కడా లేదు. ఆమెని అడిగావా?

పెన్నా_గట్టు | ఆదివారం, రాత్రి 9:45

టీచర్ గారూ, అడగలేదు. మీ పోస్టు చదివి సాయంత్రం ఫోన్ చేసి అడిగాను. ‘నీకు ఇంట్లో ఏం కావాలమ్మా’ అంటే ముందు ‘నాకేం వద్దు, నువ్వు వేళకి తిను’ అంది. కాస్త ఆగి, ఒక్కొక్కటే చెప్పింది.

మోటారు వంటింట్లోంచే ఆపుకునే వీలుండాలి. రాత్రి లేచినప్పుడు మంచం దగ్గర నుంచి బాత్రూం దాకా వెలుతురు ఉండాలి, కళ్లలో పడేంత కాదు. కరెంటు పోతే ఫ్యాను ఆగకూడదు. ఇంట్లో కెమెరా వద్దు, గేటు దగ్గర కావాలంటే పెట్టుకో. చివరగా ‘పాత స్విచ్చులు పెట్టించరా’ అంది.

ఇవి చెప్పడానికి ఆమెకి రెండు నిమిషాలు పట్టింది. 90 వేలు ఖర్చు పెట్టేముందు ఆ రెండు నిమిషాలు నేను ఇవ్వలేదు. ఇప్పుడు ఆమె చెప్పినవే చేస్తాను. మోటారుతో మొదలుపెడదాం. ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ సబ్‌మెర్సిబుల్, వెయ్యి లీటర్ల ట్యాంకు.

సింగరాయకొండ_వైర్‌మ్యాన్ | ఆదివారం, రాత్రి 10:30

మోటారు దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు, అందుకని విడమరిచి చెబుతా.

ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు ఆరేడు ఆంపియర్లు తీసుకుంటుంది. కానీ మొదలయ్యే ఆ క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. 10 ఆంపియర్ల మాడ్యూల్‌కి మోటారు నేరుగా కలిపితే, కొన్నాళ్లకి లోపలి రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి. అప్పుడు యాప్‌లో ఆఫ్ అని చూపిస్తుంది, మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అందుకని మధ్యలో కాంటాక్టర్, అంటే పెద్ద కరెంటు మోసే స్విచ్చు, పెట్టాలి. మాడ్యూల్ కాంటాక్టర్ కాయిల్‌కి మాత్రమే కరెంటు ఇస్తుంది, మోటారు బరువంతా కాంటాక్టర్ మోస్తుంది. పాత స్టార్టర్‌లోని కెపాసిటర్లు, మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపే ఓవర్‌లోడ్ అట్టాగే ఉంచాలి, తీసేయకూడదు.

ట్యాంకులో నీళ్లతో పాటు పైకి తేలే ఫ్లోట్ స్విచ్చు వేలాడదీయి. నిండగానే కాంటాక్టర్ కాయిల్ లైను తెగిపోవాలి. ఇది వైరుతోనే జరగాలి, వై-ఫై మీద వదలొద్దు. ట్యాంకులోకి దిగే వైరు కాబట్టి తక్కువ వోల్టేజీది అయితే మంచిది. నీళ్లలో స్టీలు కడ్డీలు పెట్టే సెన్సర్లు మన వైపు నిలవవు. ఉప్పు నీళ్లకి, సున్నం నీళ్లకి కడ్డీల మీద పెచ్చు కట్టి తప్పు చెబుతాయి.

వంటింట్లో మామూలు స్విచ్చు ఒకటి, దాని పక్కన ఎర్ర బల్బు. బల్బు వెలుగుతుంటే మోటారు నడుస్తున్నట్టు. అమ్మకి అంతకంటే ఏం అక్కర్లేదు.

అల్లూరు_ఆక్వా | సోమవారం, తెల్లవారుజాము 4:50

రొయ్యల గుంటల దగ్గర కూర్చుని రాస్తున్నా. మా దగ్గర తెల్లవారుజామునే ప్రాణసంకటం. రాత్రంతా నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూ వచ్చి పొద్దు పొడిచే ముందు అన్నిటికంటే తక్కువకి పడిపోతుంది. ఆ టైములో ఒక ఫేజు పోయి, నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగితే గంటలో పంట పోతుంది. అందుకని మేము ఎప్పటి నుంచో సిమ్ము వేసే మొబైల్ స్టార్టర్లు వాడుతున్నాం. కరెంటు పోయినా, ఫేజు పోయినా ఫోన్ మోగుతుంది. నెట్ అక్కర్లేదు.

పెన్నా గట్టు తమ్ముడికి కూడా సింగిల్ ఫేజ్‌లో అట్టాంటిది దొరుకుతుంది. బోరులో నీళ్లు తగ్గి మోటారు ఉత్తగా తిరిగితే దానంతట అదే ఆపే ఏర్పాటు కూడా వాటిలో ఉంటుంది. నీళ్లు ఎత్తనప్పుడు మోటారు మామూలుకంటే తక్కువ ఆంపియర్లు లాగుతుంది, దాన్నిబట్టి కనిపెట్టి ఆపేస్తుంది. వేసవిలో బోరు మోటారు కాలకుండా ఉండాలంటే ఇది ఉండాల్సిందే.

ఒంగోలు_నెట్ | సోమవారం, ఉదయం 8:10

ఆక్వా అన్న చెప్పినదానికి ఒక మాట కలుపుతా. ఆ స్టార్టర్లలో చాలావరకు 2జీ సిమ్ముతో నడుస్తాయి. జియోకి 2జీ లేదు కాబట్టి అందులో ఆ సిమ్ము పనిచేయదు. ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్ లాంటివి వేసుకోవాలి, మీ ఊళ్లో ఏది బాగా అందుతుందో ముందు చూసుకుని.

వై-ఫై గురించి. ఈ మాడ్యూళ్లు దాదాపు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే కలుస్తాయి. కొత్త రూటర్లు 2.4, 5 రెండూ ఒకే పేరుతో ఇస్తాయి, అప్పుడు సెటప్ మధ్యలో ఆగిపోతుంది. రూటర్ సెట్టింగుల్లో రెండూ విడదీసి పేర్లు పెట్టండి. పాత మిద్దె గోడలు మందంగా ఉంటాయి, పెరట్లోకి సిగ్నల్ పోదు. మోటారు దగ్గర మాడ్యూల్ పెట్టే ముందు ఫోన్ పట్టుకుని అక్కడ నిలబడి చూడండి.

రూటర్‌కి 12 వోల్టుల చిన్న యూపీఎస్ దొరుకుతుంది, అరచేయంత ఉంటుంది. ఇన్వర్టర్ మారేటప్పుడు వచ్చే కుదుపుకి కూడా రూటర్ రీస్టార్ట్ కాకుండా చూస్తుంది.

చెన్నై నుంచి చూడాలంటే రూటర్‌లో పోర్టు (బయటి నుంచి లోపలికి వచ్చే దారి) తెరవొద్దు. ఊళ్లలో కేబుల్ నెట్ ఇచ్చేవాళ్లు చాలామందికి ఒకే బయటి అడ్రసు పంచుతారు, తెరిచినా పనిచేయదు. పనిచేసే చోట దొంగలకి తలుపు తీసినట్టు. టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్, అంటే మీ వస్తువుల మధ్యే ఉండే రహస్య దారి, పెట్టుకోండి.

మాగుంట_లేఅవుట్_43 | సోమవారం, ఉదయం 8:45

రాత్రి లైట్లకి జిగ్‌బీ (వై-ఫై కాకుండా, తక్కువ బ్యాటరీతో నడిచే వేరే వైర్‌లెస్ పద్ధతి) మోషన్ సెన్సర్ తీసుకోండి. బటన్ బ్యాటరీతో ఏడాది పైగా వస్తుంది. మంచం కింద, నేల నుంచి జానెడు ఎత్తులో, బయటికి చూసేటట్టు అతికించండి. కాలు కింద పెట్టగానే పట్టుకుంటుంది, నిద్రలో పక్కకి తిరిగితే పట్టుకోదు. గోడ కింది అంచున పసుపు వెలుగు ఎల్ఈడీ పట్టీ, పదో వంతు వెలుతురు చాలు. మూడు నిమిషాలు కదలిక లేకపోతే ఆగిపోతుంది.

మనిషి కదలకపోయినా ఉన్నట్టు పట్టే ఎంఎంవేవ్ సెన్సర్లు కూడా వచ్చాయి. కానీ తిరిగే ఫ్యానుని, ఊగే పరదాని మనిషి అనుకుంటాయి. మన ఇళ్లలో ఫ్యాను ఆగేదెప్పుడు? నేను తీసి పక్కన పెట్టేశా.

కొత్తగా కొనేవాళ్లు పెట్టె మీద ‘మ్యాటర్’ గుర్తు ఉందా చూడండి. 2022 అక్టోబరులో వచ్చిన ఉమ్మడి ప్రమాణం అది. ఒక కంపెనీ మూతబడినా ఆ వస్తువు ఇంకో కంపెనీ యాప్‌తో పనిచేస్తుంది.

దర్గామిట్ట_అమ్మాయి | సోమవారం, మధ్యాహ్నం 1:20

గ్యాస్ లీక్ సెన్సర్ కూడా పెట్టించండి అన్నా. గ్యాస్ వాసన పట్టగానే ఎగ్జాస్ట్ ఫ్యాను ఆన్ అయ్యేటట్టు వీడియోలో చూశాను, చాలా బాగుంది.

సింగరాయకొండ_వైర్‌మ్యాన్ | సోమవారం, మధ్యాహ్నం 1:35

అమ్మా, ఆ పని ఎవరూ చేయొద్దు. దయచేసి ఆ వీడియో ఎవరికీ పంపొద్దు. గ్యాస్ నిండిన వంటింట్లో స్విచ్చు పడినా, రిలే కొట్టుకున్నా, ఫ్యాను మోటారు మొదలైనా చిన్న నిప్పురవ్వ వస్తుంది. ఇల్లు లేచిపోడానికి అది చాలు. సెన్సర్ పెట్టండి, మంచిదే. కానీ అది మోగి, ఫోనుకి మెసేజ్ పంపాలి, అంతవరకే. ఏ స్విచ్చూ వేయకూడదు, తీయకూడదు. మనిషి వెళ్లి రెగ్యులేటర్ కట్టేసి, తలుపులూ కిటికీలూ తెరవాలి.

వంటగ్యాస్ గాలి కంటే బరువు, కిందికి దిగి నేల మీద పరుచుకుంటుంది. సెన్సర్ నేలకి అడుగు ఎత్తులో పెట్టాలి. పొగ సెన్సర్‌లాగా పైన పెడితే అది మోగేసరికి ఆలస్యమైపోతుంది.

దర్గామిట్ట_అమ్మాయి | సోమవారం, మధ్యాహ్నం 1:50

నాకు ఇది తెలియదు అన్నా. మా వంటింట్లో అట్టాగే పెట్టాలని ఆర్డరు కూడా చేశా. సెన్సర్ మాత్రం ఉంచుకుని ఫ్యాను కలపను. చాలా థాంక్స్.

కొత్తపట్నం_తీరం | సోమవారం, సాయంత్రం 6:30

సముద్రం ఒడ్డున ఉండేవాళ్ల కోసం ఒక మాట. మా ఇంటికి అలల చప్పుడు వినిపిస్తుంది. ఉప్పుగాలికి బయట పెట్టిన ఏ వస్తువైనా రెండేళ్లకి తుప్పు పడుతుంది. గేటు కెమెరాకి ప్లాస్టిక్ బాడీది తీసుకున్నా, వైరు జాయింట్లన్నీ నీళ్లు దూరని డబ్బాలో పెట్టి, నెట్ పిన్నుకి పెట్రోలియం జెల్లీ రాశాను. మూడో ఏడు నడుస్తోంది. డబ్బాలోకి వైరు దూరే రంధ్రం పూర్తిగా మూయండి. బల్లి దూరి సర్క్యూట్ మీద పడి కాలిపోవడం మా వీధిలో రెండిళ్లలో జరిగింది.

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మాకు రోజుల తరబడి ఫైబర్ లేదు. ఇంట్లోనే నడిచే హోమ్ అసిస్టెంట్ కాబట్టి ఇన్వర్టర్ ఉన్నంతసేపూ అన్నీ పనిచేశాయి. ఉరుముల కాలానికి మెయిన్ బోర్డులో ఒక్కసారిగా వచ్చే ఎక్కువ వోల్టేజీని అడ్డుకునే సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించుకోండి, ఎర్తింగ్ సరిగా ఉంటేనే అది పనిచేస్తుంది.

కనిగిరి_టీచర్ | సోమవారం, రాత్రి 8:15

ఎర్తింగ్ అంటే గుర్తొచ్చింది. మా కనిగిరి వైపు ఎండాకాలం నేల పగుళ్లిచ్చి ఎర్త్ గుంత పూర్తిగా ఆరిపోతుంది. వారానికోసారి నాలుగు బిందెలు నీళ్లు పోయిస్తాను. తాగే నీళ్లకే కొరత ఉండే ఊరు, బట్టలు జాడించిన నీళ్లు అందుకు పక్కన పెడతాను.

కరెంటు బిల్లు తగ్గుతుందని చాలామంది ఈ వస్తువులు కొంటున్నారు. లెక్క చెప్పకపోతే నాకు తోచదు. ఒక్కో మాడ్యూల్ ఊరికే ఉన్నా సుమారు ఒక వాట్ తీసుకుంటుంది. ఎనిమిది పెడితే నెలకి దగ్గరదగ్గర ఆరు యూనిట్లు. అది ఖర్చే, ఆదా కాదు. ఆదా కావాలంటే పాత ఫ్యాను మార్చండి. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను 30. రోజుకి 15 గంటలు తిరిగితే నెలకి ఒక్కో ఫ్యానుకి 20 యూనిట్లు మిగులుతాయి. ఇన్వర్టర్ బ్యాటరీ కూడా ఆ మేరకు ఎక్కువసేపు వస్తుంది. ‘కరెంటు పోతే ఫ్యాను ఆగకూడదు’ అని ఆ తల్లి అడిగిందానికి జవాబు ఆ ఫ్యానులోనే ఉంది నాయనా, ఆటోమేషన్‌లో లేదు.

గీజర్‌కి టైమరు పెట్టడం మాత్రం నిజంగా ఉపయోగం. 15 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 50కి వేడెక్కడానికి అర యూనిట్ కూడా పట్టదు, 2000 వాట్లది పావుగంటలో చేస్తుంది. వేసి మరిచిపోయిన గంటలే డబ్బు తింటాయి.

పెన్నా_గట్టు | ఏడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:10

ఆలస్యానికి క్షమించండి. అంతా అయ్యాక రాద్దామని ఆగాను.

వైర్‌మ్యాన్ అన్న ఫోన్‌లో చెబుతుంటే మా ఊరి ఎలక్ట్రీషియన్ బాబాయి పని చేశాడు. గాజు ప్యానెళ్లన్నీ తీసేశాం. మామూలు స్విచ్చులు పెట్టి, వెనక మాడ్యూళ్లు నాలుగు మాత్రమే పెట్టాం: పడకగది లైటు, వాకిలి లైటు, వంటిల్లు, మోటారు కాంటాక్టర్. ఒక చోట ఇన్వర్టర్ లైన్ న్యూట్రల్, మెయిన్ లైన్ న్యూట్రల్ కలిసిపోయి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చు) మాటిమాటికీ పడిపోయింది. అది వెతకడానికి ఒక పూట పట్టింది. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లవాళ్లు ఇది ముందే చూసుకోండి.

మోటారుకి ఫ్లోట్ పెట్టాం. దానికి తోడు 25 నిమిషాలు దాటితే మాడ్యూల్ దానంతట అదే ఆపేస్తుంది, మా ట్యాంకు 20 నిమిషాల్లో నిండుతుంది. పడకగదిలో, వంటింట్లో రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు. మంచం కింద సెన్సర్, గోడ అంచున లైటు పట్టీ. టీచర్ గారు చెప్పినట్టు బాత్రూం తలుపుకి, వంటింటి తలుపుకి సెన్సర్లు. అవి పెట్టేముందు అమ్మకి చూపించి, అవి నాకేం చెబుతాయో, ఏం చెప్పవో కూర్చోబెట్టి చెప్పాను. ‘సరే పెట్టు’ అన్నాకే పెట్టాను. 90 వేలకి బదులు మొత్తం కలిపి, ఫ్యాన్లతో సహా, 19 వేలయింది.

మొదటి రాత్రి నేను హాల్లో పడుకున్నా. రెండింటికి అమ్మ లేచింది. కాలు కింద పెట్టగానే గోడ అంచున వెలుగొచ్చింది. ఒక్క క్షణం ఆగి దాన్ని చూసింది, తర్వాత బాత్రూంకి వెళ్లి వచ్చి పడుకుంది. పొద్దున దిండు కింద చూశా, టార్చిలైటు ఇంకా ఉంది. నేనేమీ అనలేదు. పోయిన వారం వెళ్లేసరికి అది అలమరలోకి చేరింది.

మెసేజ్ ఇప్పటికి ఒక్కసారే వచ్చింది. గుండె ఆగినంత పనైంది. ఫోన్ చేస్తే రెండో రింగుకే ఎత్తి, ‘ఎదురింటి అత్త మనవరాలి పెళ్లికి రాత్రి బుచ్చిరెడ్డిపాళెం వచ్చాను, నీకు చెప్పడం మరిచాను’ అంది. బయటికి వెళ్లేటప్పుడు నొక్కడానికి గుమ్మం పక్కన ఒక బటన్ పెట్టాలి, దానికి జిగ్‌బీ బటన్ ఏది మంచిదో చెప్పండి.

కనిగిరి_టీచర్ | అదే రోజు, రాత్రి 7:00

చాలా సంతోషం నాయనా. మణికట్టు ఎట్టా ఉంది?

పెన్నా_గట్టు | అదే రోజు, రాత్రి 7:25

కట్టు విప్పారు టీచర్ గారూ, ముగ్గు వేస్తోంది. ఇంకొకటి, అమ్మ నిన్న తనంతట తనే అడిగింది. తులసికోట దగ్గర సంధ్యవేళకి వెలిగి, తొమ్మిదికి ఆరిపోయే చిన్న లైటు కావాలంట. వాకిలి బోర్డు నుంచి అక్కడికి 12 మీటర్లు, మధ్యలో వాన నీళ్లు నిలిచే చోటు ఉంది. వైరు నేలలో పైపు వేసి తీసుకుపోవాలా, గోడ మీదుగానా? వైర్‌మ్యాన్ అన్నా, నువ్వు చెప్పినట్టే చేస్తా.

సింగరాయకొండ_వైర్‌మ్యాన్ | అదే రోజు, రాత్రి 9:40

గోడ మీదుగా పీవీసీ పైపులో తీసుకురా, నీళ్లు నిలిచే చోట నేలలో వద్దు. లైటు 12 వోల్టులది పెట్టు, అడాప్టర్ వాకిలి లోపలే ఉండాలి. అమ్మ తడిచేత్తో నీళ్లు పోసే చోటు అది, అక్కడికి 230 వోల్టులు పోకూడదు. బటన్ సంగతి మాగుంట లేఅవుట్ తమ్ముడు చెబుతాడు.